స్వతంత్రుడు కావలెను

ఆ మాట మా ఆఫీసుకి కొత్తదేమీ కాదు. ఇరవై ఆరేళ్లుగా నేను మంచినీళ్ల శాఖలో గుమాస్తాగిరీ వెలగబెడుతున్నాను. ఇన్నేళ్లలో స్వతంత్రం అనే మాటకి నాకు తెలిసిన ఉపయోగాలు మూడే. ఒకటి, ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక చేతిలో పెట్టే బూందీ పొట్లం. రెండు, ప్రతి ఎన్నికల్లోనూ ఇస్త్రీపెట్టె గుర్తు మీద నిలబడి డిపాజిట్ పోగొట్టుకునే మా వీధి తిరుపాలు. మూడు, మా తోడల్లుడు ఊరి చివర కట్టుకున్న ఇల్లు. నాలుగు వైపులా ఎవరి గోడా తగలదు కాబట్టి దాన్ని ఇండిపెండెంట్ హౌసు అంటాడు. కరెంటు పోతే మాత్రం పక్కింట్లోంచి వైరు లాక్కుంటాడు.

ఈ మూడింటితో మా పని హాయిగా సాగిపోతుండగా, మా ఈఈ వైకుంఠరావు గారు ఏదో కొండ మీద మూడు రోజుల శిక్షణకి వెళ్లొచ్చారు. ఈఈ అంటే మా డివిజనుకంతా పెద్ద ఇంజనీరు. వెళ్లేటప్పుడు మామూలుగానే వెళ్లారు. వచ్చేటప్పుడు మంకీ క్యాపు, ఒక పెద్ద ఫైలు, నాలుగో అర్థం పట్టుకొచ్చారు.

"దక్షిణామూర్తీ, మన శాఖకు పట్టిన చీడ ఏమిటో కనుగొన్నాను" అన్నారు ఆ ఉదయం నన్ను పిలిచి. "సంబంధము. పని చేసినవాడే పని బాగున్నదని వ్రాయుచున్నాడు. ఇక మీదట ఏ పనియైననూ, దానితో ఏ సంబంధమూ లేని స్వతంత్ర సాక్షి చూచి సంతకము చేయవలెను."

ఇందులో తప్పేముంది అని నేనూ అనుకున్నాను. దొంగ చేతికి తాళాలివ్వకూడదన్నది మంచి మాటే. కానీ మా శాఖలో మంచి మాటని ఫైల్లో పెడితే రెండో రోజుకే పులిసిపోతుంది. మూడో రోజుకి సర్క్యులర్ తయారైంది. ఆయన చెప్తుంటే నేనే రాశాను, పాపం నాదే.

"ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, స్వతంత్ర సాక్షి సంతకము లేనిదే ఏ మంచినీటి పథకమునూ ప్రారంభించరాదు. స్వతంత్ర సాక్షి యనగా లబ్ధిదారులలో ఎవ్వరికినీ ఏ వరసయూ కానివాడు, వారి చేతి అన్నపానములు ఎరుగనివాడు, దేనికినీ వారిపై ఆధారపడనివాడు."

ఆఖర్న పదకొండో నిబంధన ఒకటుంది. దాన్ని ఆయన కళ్లు మూసుకుని, రాగం తీసి రెండుసార్లు చెప్పారు. "ఇట్టి సంబంధము గల వ్యక్తి ఇచ్చిన ఉత్తర్వు ఏదైననూ, అతడు ఎంతటి హోదాలో ఉన్నవాడైననూ, పుట్టిన క్షణము నుండియే చెల్లదు." నేను ఆ వాక్యం కింద గీత గీశాను. గీత ఎందుకు గీశానో అప్పుడు నాకు తెలియదు.

ఈ సర్క్యులర్ మొట్టమొదట పడింది ఉప్పుకొటార్ల కాలనీ మీద.

ఉప్పు మడుల్లో పనిచేసే వాళ్ల కాలనీ అది. రెండు వందల పన్నెండు ఇళ్లు. అక్కడ ఎంత లోతు తవ్వినా ఉప్పునీళ్లే. తాగే నీళ్లు కావాలంటే మైలు దూరంలో రైలు గేటు దగ్గరున్న ఒక్క కుళాయే గతి. ఎన్నో అర్జీల తర్వాత అరవై వేల లీటర్ల ట్యాంకు కట్టాం. పైపులేశాం, వీధి వీధికీ కుళాయి పెట్టాం, ట్యాంకు నింపి చూశాం, ఎక్కడా చుక్క కారలేదు. ఇక వాల్వు తిప్పడమే తరువాయి అనుకుంటుండగా సర్క్యులర్ వచ్చింది. వాల్వుకి గొలుసు కట్టి, తాళం వేసి, లక్క సీలు వేశారు. తాళంచెవి నా మెడలో వేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వలేదంటారే, ఆ పూజారిని నేనే.

మార్చి నెలలో వైకుంఠరావు గారు స్వయంగా స్వతంత్ర సాక్షిని ఎన్నుకోడానికి కాలనీకి వచ్చారు. తన మడత కుర్చీ తానే మోసుకొచ్చారు. ఇంటి నుంచి తెచ్చుకున్న నీళ్ల ఫ్లాస్కు భుజానికి వేలాడుతోంది. ఎవరినీ ఏ వరసా పెట్టి పిలవకుండా ఉండటానికి ఆడవాళ్లనీ మగవాళ్లనీ అందర్నీ "లబ్ధిదారు గారూ" అంటున్నారు.

నాంచారమ్మ మజ్జిగ చెంబు పట్టుకుని ముందుకొచ్చింది. అక్కడి అంగన్వాడీలో ఆయా ఆమె. అరవైకి దగ్గర పడింది. రోజూ రైలు గేటు నుంచి ఆరు బిందెలు మోస్తుంది, రెండు ఇంటికి, నాలుగు అంగన్వాడీ పిల్లలకి. కుడి మోకాలు వాచి కొబ్బరికాయంత అయింది. బరువులెత్తొద్దని డాక్టరు చెప్పాడట. "బిందెలో ఉండేది నీళ్లే గదా తమ్ముడా, బరువులేడ ఎత్తుతున్నా" అంటుంది నాతో. ఆమెకి కనబడ్డ మగవాళ్లందరూ తమ్ముళ్లే, కాస్త తల నెరిస్తే అన్నలు.

"మజ్జిగ పుచ్చుకోండి అయ్యా, ఎండన పడొచ్చారు" అంది.

"వలదు లబ్ధిదారు గారూ. అన్నపానములు నిషిద్ధము."

చెంబు నా వైపు తిప్పింది. నాకు నోరు ఎండిపోయి ఉంది. ఆయన నన్నే చూస్తున్నారు. వద్దని తలూపాను. ఆమె చెంబు దించింది.

సాక్షిగా కాలనీ వాళ్లు సంజీవయ్య మేష్టార్ని కూర్చోబెట్టారు. ఆయనది కనిగిరి వైపు. ముప్పై ఏళ్ల కిందట ఉద్యోగానికి వచ్చి, రిటైరై, అక్కడే ఉండిపోయాడు. కాలనీలో రక్తసంబంధం లేదు, కులం వేరు. వైకుంఠరావు గారి ముఖం వికసించింది. ఫారం తీసి పేరు రాయబోయారు.

"బాబాయ్, కుర్చీ నీడలోకి లాక్కో. ఎండ తగులుద్ది" అంది నాంచారమ్మ.

కలం ఆగిపోయింది. "ఈయన మీకు బాబాయా?"

"అవునండి."

"మీ తండ్రిగారి సోదరులా?"

"మా నాయనకి తమ్ముళ్లేడున్నారండి. ఈయన బాబాయంతే."

"అంతే యనగా?"

ఆమెకి ప్రశ్న అర్థం కాలేదు. "మా నాయన పోతే పాడె పట్టాడు. నా కూతురు పెళ్లికి శుభలేఖలు రాసిచ్చాడు. నాకు సంతకం పెట్టడం నేర్పాడు. బాబాయి గావటానికి ఇంకేం గావాలండి?"

"ఏమియూ అక్కరలేదు" అన్నారు వైకుంఠరావు గారు. "దక్షిణామూర్తీ, నమోదు చేయుము. పితృ సోదరుడు."

మేష్టారి పేరు కొట్టేశారు. కిరాణాకొట్టు మస్తాన్‌ని పిలిచారు. మతమే వేరు కదా అని ఈఈ గారి ధైర్యం. మస్తాన్ వస్తూనే మేష్టార్ని "ఏం మామా" అని పలకరించాడు. నాంచారమ్మ మస్తాన్‌ని "అన్నా" అంది. చర్చి పాస్టరు యేసుపాదం గారు వచ్చి మస్తాన్‌ని "బావా, ఆ తట్ట పక్కన పెట్టు" అన్నాడు. సాయంత్రానికి రెండు వందల పన్నెండిళ్లకీ కలిపి నేనొక వంశవృక్షం గీశాను. వేరు ఎక్కడుందో దొరకలేదు గానీ కొమ్మలన్నీ కలిశాయి. ఎవరికి జ్వరమొస్తే ఎవరు గంజి కాస్తారు అన్న కాలమ్ నింపేసరికి కాగితం చాలక వెనక్కి తిప్పాల్సి వచ్చింది.

"బంధుప్రీతి" అన్నారు వైకుంఠరావు గారు. "ఇంత పెద్ద బంధుప్రీతిని నా సర్వీసులో చూడలేదు. కాలనీ మొత్తము ఒక్కటే కుటుంబము."

అదే మాట పై ఆఫీసుకి రాశాం. వారం తిరక్కుండా జవాబొచ్చింది. "ఒకే కుటుంబమునకు అరవై వేల లీటర్ల ట్యాంకు ఏ ప్రాతిపదికన మంజూరు చేయబడినది? సదరు కుటుంబ యజమాని పేరు, ఆయన దినమునకు త్రాగు నీటి పరిమాణము వెంటనే తెలుపవలెను." యజమాని పేరు దగ్గర ఏం రాయాలో తెలియక నేను "విచారణలో ఉన్నది" అని రాశాను. మా శాఖలో ఆ రెండు మాటలతో దశాబ్దాలు గడిపేసిన వాళ్లున్నారు.

ఏప్రిల్‌లో పేపర్లో ప్రకటన వేశాం. "స్వతంత్రుడు కావలెను. ఎవ్వరికినీ ఏమియూ కానివారికి ప్రాధాన్యము." ఇంటర్వ్యూలు మా ఆఫీసులోనే జరిగాయి.

మొదట మా తిరుపాలు వచ్చాడు. ఐదు ఎన్నికల్లో స్వతంత్ర అభ్యర్థినని కాగితాలు చూపించాడు. ఆ కాగితాల్లోనే దొరికిపోయాడు. నామినేషన్ వేయాలంటే ప్రతిపాదించే వాళ్ల సంతకాలు కావాలి. పది మంది మీద ఆధారపడి స్వతంత్రుడయ్యాడని తేలింది. "పోనీ ఓట్లేమైనా..." అని అడిగారు ఈఈ గారు. "నా ఓటు కూడా నాకు వేసుకోలేదండి, ఆ రోజు ఊళ్లో లేను" అన్నాడు తిరుపాలు. దానికి మార్కులు పడ్డాయి గానీ చాల్లేదు.

తర్వాత ఒక కాషాయం కట్టుకున్నాయన వచ్చాడు. సంసారం లేదు, ఊరు లేదు, పేరు కూడా వదిలేశానన్నాడు. ఈఈ గారు చేతులు జోడించారు. భోజనం సంగతేమిటని అడిగితే, ఏ ఇంటి ముందు నిలబడితే ఆ ఇల్లాలు పెడుతుందన్నాడు. ఊరంతటి మీద ఆధారపడిన మనిషిని అప్పటిదాకా మేం చూడలేదు.

మూడో మనిషి ఇండిపెండెంట్ హౌసు పన్ను రసీదుతో వచ్చాడు. మా తోడల్లుడే. నేను బీరువా చాటుకి పోయాను. "మీకు వంట ఎవరు చేయుదురు?" అని అడగడం వినబడింది. "మా ఆవిడండి." "ఆమె ఒక రోజు చేయనిచో?" వాడు రసీదు మడతపెట్టిన చప్పుడైంది. "ఒకసారి చేయలేదండి" అని మాత్రం అన్నాడు. ఆ గొంతు విని నాకే జాలేసింది.

ఇక దేశంలో స్వతంత్రుడు లేడని తేల్చి ఫైలు మూయబోతుంటే, ఆఫీసు ఆవరణలో బర్రుమని చప్పుడైంది. ఉత్తరాది నుంచి వచ్చిన మనిషి ఒకడు సైకిలుకి సానరాయి బిగించుకుని కత్తెరలు సాన పడుతున్నాడు. పేరు బన్సీ. తెలుగు ఒక్క ముక్క రాదు. ఈ జిల్లాలో ఒక్కరూ తెలియరు. ముందు రోజే రైలు దిగాడు. ఈఈ గారు కిటికీలోంచి చూసి నా చెయ్యి పట్టుకున్నారు.

"చూడు దక్షిణామూర్తీ. తన చక్రము తానే త్రొక్కుకొనుచున్నాడు."

బన్సీని గెస్టు హౌసులో పెట్టి బయట తాళం వేశాం, పరిచయాలు పెరగకుండా. వంట తనే చేసుకోవాలి, లేకపోతే శాఖ మీద ఆధారపడినట్టవుతుంది. సైకిలుకి సీలు వేశాం, ఎందుకంటే ఎవరి కత్తి సాన పడితే వాళ్లతో సంబంధం కలుస్తుంది. పది రోజులు పాపం ఆ మనిషి కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఏం నేరం చేశానని నన్ను సైగలతో అడిగాడు. నువ్వు ఎవరికీ ఏమీ కావు, అదే నీ నేరం అని సైగలతో చెప్పడం నాకు చేతకాలేదు.

ఈలోగా ఇంకో చిక్కొచ్చింది. నీళ్లు బాగున్నాయని సాక్షి చెప్పాలంటే తాగి చూడాలి. తాగితే లబ్ధిదారు అవుతాడు. లబ్ధిదారు సాక్షి కాలేడు. ఈఈ గారు రెండు రోజులు గడ్డం పెంచుకుని ఆలోచించి వివరణ ఇచ్చారు. "సాక్షి నీటిని నోట పోసికొని పుక్కిలింపవచ్చును. మ్రింగరాదు."

మే నెల మూడో వారం, పదకొండు గంటల ఎండ. ట్యాంకు కింద బన్సీని నిలబెట్టాం. ప్రమాణపత్రం ఏడు ప్రతులు. ఈఈ గారు ఒక్కో ప్రతినీ అతనికి రాని భాషలో మొదటి నుంచి చివరిదాకా చదువుతున్నారు. నాలుగో ప్రతి మధ్యలో బన్సీ మోకాళ్లు వంగాయి. తల మీద అరవై వేల లీటర్లున్నాయి, కింద మనిషి దాహంతో తూలుతున్నాడు. మేం రూల్సు చూస్తున్నాం.

అప్పుడే నాంచారమ్మ రైలు గేటు నుంచి బిందెతో వస్తోంది. ఎవర్నీ అడగలేదు. కుంటుకుంటూ వచ్చి బిందె దించి, "దోసిలి పట్టు నాయనా" అంది. అతనికి భాష రాదు కానీ దోసిలి పట్టాడు. మూడు చెంబులు తాగాడు. మూతి తుడుచుకుని తలెత్తి, "దీదీ" అన్నాడు.

"అంటే ఏందో నాకు తెలవదు. పిలిచాడు గదా, పలికా" అంది ఆమె, నాకేసి చూస్తూ.

ఈఈ గారు ఏడు ప్రతుల్నీ నిలువునా చింపారు. బన్సీ సైకిలు సీలు విప్పించుకుని, కాలనీలో కత్తిపీటలన్నీ సాన పట్టి మరీ రైలెక్కాడు. ఆ నెలంతా ఉప్పుకొటార్లలో కూరగాయలు తరిగిన ప్రతి ఆడమనిషి వేలికీ గుడ్డ పీలిక ఉంది.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి నాకే సిగ్గు. నీళ్లు కదలకుండా ఉంటే ట్యాంకు పాడవుతుంది కనుక, ప్రతి శనివారం ట్యాంకు నింపి, మళ్లీ బయటికి వదిలెయ్యమని ఉత్తర్వు వచ్చింది. ఆ నీళ్లు పట్టుకున్నవాళ్లు ముందుగానే లబ్ధి పొందినట్టవుతుంది కాబట్టి "వదలిన నీరు పట్టరాదు" అని బోర్డు పెట్టి కాపలా వేశాం. అరవై వేల లీటర్ల మంచినీళ్లు పక్కనున్న ఉప్పు మడుల్లోకి పోయాయి. పండిన ఉప్పు కరిగిపోయింది. తాగే నీళ్లు లేక ఏడుస్తున్న వాళ్ల పనిని ఆ నీళ్లే కడిగేశాయి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో పుస్తకాల్లో చదివాను, ఆ శనివారాలు కళ్లతో చూశాను.

జులైలో నాంచారమ్మ ఆఫీసుకి వచ్చింది. బిందెతో రైలు కట్ట దిగుతూ పడిందట, మోకాలికి కట్టు కట్టి ఉంది. కుర్చీ చూపిస్తే నేల మీద కూర్చోబోయింది. బలవంతాన కుర్చీలో కూర్చోబెట్టాను.

"నా సంగతి వదిలెయ్ తమ్ముడా. అంగన్వాడీలో నీళ్లు లేవని ఊళ్లోదాంట్లో కలిపేస్తారంట. ఈ నెల్లో తనిఖీకొచ్చి రాసుకుపోయారు. వచ్చే నెలాఖరుకి మూసేస్తారంట. రెండు మైళ్లు, మధ్యలో రైలు కట్ట. మూడేళ్ల పిల్లోళ్లు ఎట్టా నడుస్తారు? నేను మొయ్యగలిగిందాకా మోశా. ఇప్పుడు కాలు రానంటంది."

"ఫైలు నడుస్తోందక్కా" అన్నాను. ఫైలుకి ఆమె కంటే ఎక్కువ కాళ్లున్నట్టు.

ఆమె నా బల్ల మీదున్న నీళ్ల సీసా చూసింది. "ఒకటడగనా? నాలుగు నెలల్నుంచి మా ఇళ్ల మీదకొస్తున్నావు. ఒక్క గుక్క తాగలా. మా అవ్వ చెప్పేది, ఆ రోజుల్లో పెద్దోళ్లు మా గుడిసెల కాడికొచ్చి పనులు చెప్పేవోళ్లంట. నాలిక పిడచ గట్టినా మా చేతి నీళ్లు తాగేవోళ్లు కాదంట. అప్పుడు దానికి వేరే పేరుండేది. ఇప్పుడు దాన్ని స్వతంత్రం అంటన్నారా?"

ఇరవై ఆరేళ్ల సర్వీసులో నాకు తెలియని అర్థం అది. నేను తల వంచుకుని ఏదో కాగితం సర్దాను. ఆమె వెళ్లేటప్పుడు గోడ పట్టుకుని వెళ్లింది.

మర్నాడు ఈఈ గారు గంతులేస్తూ వచ్చారు. "దొరికినాడు దక్షిణామూర్తీ. సంపూర్ణ స్వతంత్రుడు దొరికినాడు."

"ఎవరండీ?"

"ట్యాంకు. ఆలోచింపుము. తన కాళ్ల మీద తాను నిలిచి ఉన్నది. ఎవ్వరికినీ వరస కాదు. ఎవరి చేతి అన్నపానములూ ఎరుగదు. ముఖ్యముగా, ఎవ్వరికినీ చుక్క నీరు ఇచ్చుట లేదు."

అదే మాట రాసి పంపాను. పై ఆఫీసుకి ఆ ఆలోచన ఎంత నచ్చిందంటే, ఉత్తమ స్వతంత్ర కట్టడం అని కొత్తగా ఒక షీల్డు పెట్టి దాన్ని మా ట్యాంకుకే ప్రకటించారు. ఆగస్టు పదిహేనున ట్యాంకు కిందే సభ. ట్యాంకు మెడలో వేయడానికి పూలదండ కావాలంటే ఊళ్లో పూలన్నీ చాలక ప్లాస్టిక్ దండ తెప్పించాం.

సభకి కాలనీ అంతా వచ్చింది. రాకపోతే కుళాయిలు పీకేస్తారని ఎవరో చెప్పారట. ఆ రోజు ఉక్కపోత చెప్పనలవి కాదు, ఆకు కదలడం లేదు. ముందు వరసలో అంగన్వాడీ పిల్లలు కాగితపు జెండాలు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల వెనక నాంచారమ్మ, కాళ్ల దగ్గర బిందె. పిల్లల కోసం పొద్దున్నే రైలు గేటు నుంచి తెచ్చుకుంది.

వైకుంఠరావు గారు గంటా పది నిమిషాలు మాట్లాడారు. ఫ్లాస్కు అరగంటకే ఖాళీ అయింది. డ్రైవరు సీసా ఇవ్వబోతే చేత్తో వారించారు. "సోదర సోదరీ... క్షమించాలి, లబ్ధిదారులారా. స్వతంత్రుడనగా ఎవడు? ఎవ్వరి అవసరమూ లేనివాడు. తలచుకొనుటకు ఎవ్వరూ లేనివాడు. ఆ స్థితిని ఈ ట్యాంకు చేరుకొన్నది. మనమందరము కూడా ఈ ట్యాంకు వలె..."

అక్కడ ఆయనకి పొలమారింది.

మామూలుగా కాదు. దగ్గు తెర తెరలుగా వచ్చింది. కళ్లు ఎర్రబడి బయటికొచ్చాయి, ముఖం కమిలిపోయింది. మైకు పట్టుకుని వంగిపోయారు. సభంతా ఆ దగ్గు స్పీకర్లలో మోగుతోంది. వేదిక మీద ఉన్న ఇంజనీర్లూ నేనూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నాం. ఆయనకి నీళ్లు ఇవ్వచ్చా అని సర్క్యులర్లో ఎక్కడా లేదు.

నాంచారమ్మ లేచింది. కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ చెంబుతో వేదిక ఎక్కింది. ఎడం చేత్తో ఆయన నడినెత్తి మీద తట్టింది, చంటిపిల్లాడికి తట్టినట్టే. కుడి చేత్తో చెంబు నోటికి పెట్టింది.

"ఎవరో తలుచుకుంటన్నారయ్యా" అంది. "నిదానంగా తాగు. నిదానంగా."

ఆయన చెంబు రెండు చేతులా పట్టుకుని గటగటా తాగారు. చివరి చుక్కదాకా తాగారు. ఊపిరి తిరిగాక, కళ్ల నిండా నీళ్లతో ఆమెని చూసి, "అమ్మా" అన్నారు. మైకు చేతిలోనే ఉంది.

నేను జేబులోంచి ఫారం తీశాను. పేరు రాశాను, హోదా రాశాను.

"ఏమది దక్షిణామూర్తీ?" అన్నారు ఆయన, ఇంకా ఆయాసపడుతూ.

"నమోదు చేస్తున్నానండి. అన్నపానములు, ఒక చెంబు, లబ్ధిదారు చేతి మీదుగా. వరస, తల్లి."

"అది... ఊరికే వచ్చిన మాట."

"ఊరికే వచ్చిన వరసలకి మినహాయింపు లేదని మార్చి నెల్లో మీరే తేల్చారండి. మేష్టారి ఫైలుంది." సర్క్యులర్ కూడా తీసి పదకొండో నిబంధన ఆయన ముందు పెట్టాను. నేను గీసిన గీత చెక్కు చెదరకుండా ఉంది. "సంబంధం గల వ్యక్తి ఇచ్చిన ఉత్తర్వు, ఎంతటి హోదాలో ఉన్నా, పుట్టిన క్షణం నుంచే చెల్లదు. వాల్వు మూయమన్న ఉత్తర్వు తమరిదేనండి."

ఆయన ఆ వాక్యాన్ని చదువుకున్నారు. పెదవులు కదిలాయి. ఎంతైనా ఆ నిబంధన తన బిడ్డ, కాదనలేకపోయారు. "నిబంధన నిబంధనయే" అన్నారు సన్నగా. తర్వాత ఆఖరి ప్రయత్నం చేశారు. "కాని తెరవమని కూడా ఎవ్వరూ ఉత్తర్వు ఇవ్వలేదు కదా."

"మూయమన్న మాటే లేనప్పుడు తెరవమని చెప్పేదేముందండి" అని నేను వేదిక దిగాను.

తాళం తుప్పు పట్టింది. మెడలో తాళంచెవి ఐదు నెలల చెమటతో నల్లబడింది. మస్తాన్ వచ్చి ఒక రాయి అందించాడు, మేష్టారు గొలుసు పట్టుకున్నాడు. వాల్వు మూడు చుట్లు తిరిగాక కాలనీ లోపల కుళాయిలు ముందు గాలి ఊదాయి, తర్వాత ఎర్రటి తుప్పు నీళ్లు కక్కాయి, ఆ తర్వాత తెల్లగా వచ్చాయి. పిల్లలు జెండాలు పడేసి పరిగెత్తారు. షీల్డు ఎవరికివ్వాలో తెలియక వేదిక మీదే ఉండిపోయింది. ఎవరో దాన్ని బిందె మీద మూతగా పెట్టుకుని పోయారని తర్వాత తెలిసింది.

వైకుంఠరావు గారు ఎటూ కదలకుండా ఖాళీ చెంబు పట్టుకుని కుర్చీలో కూర్చున్నారు. "నన్ను తలచుకొన్నది ఎవరై ఉందురు?" అని నన్ను అడిగారు, చాలా మామూలు గొంతుతో. మీ ఆవిడగారేమోనండి అన్నాను.

అంగన్వాడీ మూయలేదు. నా పేర మాత్రం మెమో వచ్చింది, సెప్టెంబరులో. పై ఆఫీసు నుంచి, రిజిస్టర్ పోస్టులో. దాన్ని చేత్తో పట్టుకుని ఆ సాయంత్రం కాలనీకి వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. నాంచారమ్మ అంగన్వాడీ ముందు కుళాయి దగ్గర బిందె తోముతోంది.

"ఏం కాగితం తమ్ముడా అది? నీ ఉద్యోగానికేమన్నా..."

చదివి వినిపించాను. "ఉప్పుకొటార్ల కాలనీ యందు కుళాయిలలో నీరు వచ్చుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. స్వతంత్ర సాక్షి సంతకము లేనందున, సదరు నీరు రానట్లుగానే భావించవలెను."

"అంటే?"

"నీళ్లు రాలేదంటక్కా."

ఆమె కుళాయి తిప్పింది. చెంబు కడిగి, నిండా పట్టి, నా ముందు పెట్టింది.

"అట్టాగా" అంది. "అయితే తాగు."

తాగాను.